పెరట్లో పిట్టల కాపురాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమలో కాలవ గట్టు మీది ఊరు. శివరాత్రి వెళ్ళి ఎండ చురుక్కుమనే సరికి చుట్టాలూ, పక్కింటివాళ్ళూ, ఆఖరికి గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి కూడా పిట్టల సంగతులు అడగడం మొదలెడతారు. వెనక వసారాలో కుర్చీ వేసుకుని పిట్టల్ని చూస్తూ కూర్చోవడం తప్ప నాకు వేరే పని లేదని ఊళ్ళో పేరు పడిపోయింది మరి. అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పడేస్తున్నాను. ఇకమీదట ఫోన్ చేసేముందు ఇది చదవండి, ఆ తర్వాత చెయ్యండి.

పిట్టలు గూళ్ళు పెట్టేది వసంతంలోనే కదా? ఉగాదికి చూడటం మొదలెడితే సరిపోతుందా?

సగం పిట్టలకి సరిపోతుంది, సగానికి ఆలస్యం, గిజిగాడికైతే మరీ తొందర. మన దగ్గర పిట్టకో కాలం. రామచిలుకలు సంక్రాంతి నాటికే తొర్రల కోసం కొట్టుకుంటూ ఉంటాయి, ఉగాదికి వాటి పిల్లలు తొర్రలోంచి తల బయటపెట్టి చూస్తుంటాయి. తేనెపిట్టలు, పికిలిపిట్టలు, కుట్టుపిట్టలు, గోరింకలు ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా జోరుగా ఉంటాయి, ఆ తర్వాత కూడా అక్కడక్కడా పెడుతూనే ఉంటాయి. పిచ్చుకకి ముహూర్తంతో పనే లేదు, ఏడాదిలో రెండు మూడుసార్లు పెడుతుంది. కాకులు ఎండలు ముదిరాక మొదలెడతాయి. దాళ్వా (రెండో పంట వరి) కోతలై చేలు ఖాళీ పడితే తీతువు దిగుతుంది. గిజిగాడు మాత్రం వానలు పడి సార్వా (వానాకాలం వరి) ఆకు పచ్చబడేదాకా కదలడు.

రోజులో ఎప్పుడంటారా, పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా. మళ్ళీ సాయంత్రం నాలుగున్నర తర్వాత. మధ్యాహ్నం మనలాగే అవీ నీడన పడి ఉంటాయి.

మా దండెం తీగకి ఏదో చెత్త ఉండలా వేలాడుతోంది. దులిపేస్తుంటే మా అత్తగారు ఆగమన్నారు. ఏంటది?

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. అది తేనెపిట్ట గూడు. చెత్తలా కనపడాలనే అది అలా కడుతుంది. పోయినేడు మా మందార కొమ్మకి కట్టినదాన్ని నేను మొదటిరోజు నుంచీ చూశాను. ముందు సాలెగూడు పీచు తెచ్చి కొమ్మకి చుట్టింది, చుట్టి చుట్టి తాడులా చేసింది, తర్వాత ఆ తాడుకి ఎండుగడ్డి, చెక్క పెచ్చులు, గొంగళిపురుగు పెంటికలు, ఎక్కడిదో చిరిగిన కాయితం ముక్క అంటించింది, ఆఖర్న పక్కగా గుమ్మం పెట్టి దానిమీద చిన్న చూరు కూడా దింపింది. లోపల బూరుగు దూదిలాంటి మెత్తటి పరుపు. ఇదంతా ఆడపిట్ట పనే. మగవాడు నిగనిగలాడే రంగులేసుకుని పక్క కొమ్మ మీద కూర్చుని కబుర్లు చెబుతుంటాడు. (మా ఇంట్లో వాళ్ళకి ఈ మాట చదివి వినిపించాను, ఎవరూ నవ్వలేదు.) పిల్లలకి మేత తేవడంలో మాత్రం కలుస్తాడు.

పెట్టేది రెండు గుడ్లు. పొదుగుడు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండున్నర వారాలు. అంటే నెల్లాళ్ళు బట్టలు వేరే తీగ మీద ఆరేసుకుంటే చాలు.

ఎంత దగ్గరకి వెళ్ళొచ్చు? ఫోటో తీసుకోవచ్చా?

కొలత నేను చెప్పను, పిట్టే చెబుతుంది. నోట్లో పురుగు పెట్టుకుని గూట్లోకి వెళ్ళకుండా పక్క కొమ్మ మీద అటూ ఇటూ గెంతుతూ టిక్ టిక్ అంటుంటే మీరు దగ్గరగా ఉన్నట్టు. లేచి పది అడుగులు వెనక్కి రండి. అది గూట్లోకి వెళ్ళిందా, అదే మీ కుర్చీ చోటు. ఆ చోటు మార్చకండి. రోజూ అదే కుర్చీ, అదే వేళ, వీలైతే అదే రంగు చొక్కా. నాలుగు రోజులకి మిమ్మల్ని కూడా స్తంభం కింద లెక్కేస్తుంది.

ఫోటో తీసుకోండి, కానీ ఫ్లాష్ వద్దు, నిచ్చెన వద్దు, సెల్ఫీ కర్ర గూట్లోకి దూర్చడం అసలే వద్దు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఫోటోకి అడ్డొస్తున్నాయని ఆకులు విరిచేయడం. ఆ ఆకులే దానికి గొడుగు, ఆ ఆకులే తెర. తెర తీస్తే మధ్యాహ్నం ఎండకి పిల్లలు మాడిపోతాయి, లేదా సాయంత్రానికి కాకి చూసేస్తుంది. కొనగలిగితే 8x42 బైనాక్యులర్ ఒకటి కొనుక్కోండి. వసారాలోంచే పిల్ల నోటి ఎరుపు కూడా కనపడుతుంది.

బైనాక్యులర్ ఉంటే ఇంకోటి కూడా చూడొచ్చు. తల్లి మేత పెట్టాక ఒక్క క్షణం ఆగుతుంది. పిల్ల అటు తిరిగి తోక ఎత్తి తెల్లటి సంచి ఒకటి వదులుతుంది, తల్లి దాన్ని ముక్కున కరుచుకుని దూరంగా పడేసి వస్తుంది. పిల్ల రెట్టకి ప్రకృతి పెట్టిన డైపర్ అది. గూడు శుభ్రంగా ఉంటుంది, వాసన పట్టి పాము రాదు. మొదటిసారి చూసినప్పుడు గుడ్డు ఎత్తుకుపోతోందేమోనని నేను కంగారుపడ్డాను.

పిల్ల కింద పడిపోయింది! ఏం చెయ్యాలి?

ఈ ఫోన్లే ఎక్కువ, అదీ టెన్షన్‌తో. ముందు ఒక్క నిమిషం దాన్ని చూడండి. ఒళ్ళంతా గులాబీరంగు చర్మం, కళ్ళు తెరవలేదు, లేదా ఈకలు ఇంకా ముళ్ళలా ఉన్నాయి అంటే అది గూట్లో ఉండాల్సిన పిల్ల. మెల్లిగా తీసి అదే గూట్లో పెట్టేయండి. గూడే ఊడి పడిపోతే చిన్న తాటాకు బుట్టో, కొబ్బరి చిప్పో తీసుకుని అడుగున నాలుగు చిల్లులు పొడిచి, ఎండుగడ్డి వేసి, పాత గూడు ఉన్నచోటికి వీలైనంత దగ్గర్లో నీడలో కట్టండి. చిల్లులు మరిచిపోవద్దు. వైశాఖంలో గాలివాన ఒక్కటి చాలు, చిప్ప నిండిపోవడానికి. కట్టాక దూరంగా వచ్చి గంటా గంటన్నర చూడండి. చాలాసార్లు తల్లి పిల్ల అరుపు విని వస్తుంది.

అలాకాక ఒంటినిండా ఈకలు ఉండి, తోక పొట్టిగా ఉండి, మూతి పక్కన పసుపురంగు అంచు ఉండి, మిమ్మల్ని చూసి గెంతుతోందా? అది పడలేదండీ, బయటికొచ్చింది. పికిలిపిట్ట పిల్లలైతే పుట్టిన రెండు వారాల్లోపే, సరిగ్గా ఎగరడం రాకుండానే గూడు దిగిపోతాయి. రెండు మూడు రోజులు పొదల్లో గెంతుతూ ఉంటాయి, తల్లీ తండ్రీ అక్కడికే మేత తెచ్చి పెడతాయి. దాన్ని పట్టుకుని బుట్టలో పెట్టి ఇంట్లోకి తెస్తే అది కాపాడటం కాదు, ఎత్తుకుపోవడం. రోడ్డు మీద ఉంటే పక్క పొదలోకి చేర్చండి, పిల్లిని గదిలో పెట్టి గొళ్ళెం వేయండి. అంతవరకే మన పని.

రెక్క వేలాడుతున్నా, రక్తం కారుతున్నా, పిల్లి నోట్లోంచి లాగినదైనా వేరే సంగతి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో గుడ్డ వేసి, చీకటిగా, సద్దు లేకుండా ఉంచి పశువుల ఆసుపత్రికో అటవీశాఖ వాళ్ళకో చేర్చండి.

మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లని వదిలేస్తుందట కదా?

మా నాయనమ్మ కూడా అలాగే చెప్పేది. అది నిజం కాదు. పిట్టలు పిల్లల్ని చూసీ, అరుపు వినీ గుర్తుపడతాయి, మన చేతి వాసన పట్టి వదిలేయవు. అయితే మాటిమాటికీ గూడు దగ్గర తచ్చాడితే మాత్రం, అదీ ఇంకా గుడ్లు పెట్టకముందో పెట్టిన కొత్తలోనో అయితే, వదిలేసి పోవచ్చు. ఆ మాట పుట్టించినవాళ్ళు పిల్లల చేతులు గూళ్ళకి దూరంగా ఉంచడానికే పుట్టించి ఉంటారని నా అనుమానం. ఆ లెక్కన పనికొచ్చే అబద్ధమే.

పిల్లకి పాలు పట్టొచ్చా? నీళ్ళు?

పాలు వద్దు, వాటికి అరగవు. నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, ఊపిరి గొట్టం నోరు నాలుక మొదట్లోనే ఉంటుంది, నేరుగా అందులోకి పోతాయి. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకి మొదట్లో పెట్టేది పురుగులే. కాబట్టి ఆ మేత పని తల్లీతండ్రులకే వదిలేసి పెద్దపిట్టల కోసం నీళ్ళు పెట్టండి, మూకుడులాంటి లోతు తక్కువ గిన్నెలో, రోజూ కడిగి. ఇంకోటి, బెండమొక్కలకీ బీరపాదుకీ ఈ రెండు నెలలు మందు కొట్టకండి. పిట్టకి మనం పెట్టగలిగిన మేత అదే.

పిచ్చుకలు ఫ్యాన్ గిన్నెలో గూడు పెట్టాయి. ఏం చెయ్యను?

పుల్లలు తెస్తున్న మొదటిరోజే అయితే తీసేసి ఆ గిన్నె సందు గుడ్డతో మూసేయండి, పాపం అనుకోకండి. గుడ్లు పెట్టేశాక మాత్రం ఆ గది ఫ్యాను నెల రోజులు మీది కాదు. పొదుగుడు 11 నుంచి 14 రోజులు, పిల్లలు గూట్లో ఉండేది మరో రెండు వారాలు.

మా ముందు గదిలో ఇదే జరిగింది. రెగ్యులేటర్ మీద కాయితం అంటించి "వెయ్యొద్దు" అని రాశాను. ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన ఉక్కపోతకి చూసుకోకుండా స్విచ్ నొక్కేశాడు. మగపిచ్చుక అప్పుడే లోపలికి వస్తోంది. ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆడపిచ్చుక ఒక్కతే మేత మోసింది, మూడింట్లో రెండు పిల్లలు ఎగిరాయి. అప్పట్నుంచి నేను కాయితాలు నమ్మను, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైరే పీకించేస్తాను.

పిచ్చుకలకి చెక్కపెట్టె కొనాలా?

డాబా ఇళ్ళకి కొనుక్కోండి. పెంకుటింటికి అక్కర్లేదు, చూరు కింద కావలసినన్ని సందులు. అసలు పిచ్చుకలు తగ్గినట్టు అనిపించడానికి ఒక కారణం మనం చూర్లు లేని ఇళ్ళు కట్టుకోవడమే. పెట్టె గుమ్మం గుండ్రంగా 3.2 సెంటీమీటర్లు ఉంటే పిచ్చుక పడుతుంది, గోరింక పట్టదు. గుమ్మం ముందు నిలబడటానికి పుల్ల పెట్టిన పెట్టెలు అమ్ముతారు, ఆ పుల్ల పిచ్చుకకి అవసరం లేదు, కాకికి పీట వేసినట్టు అవుతుంది, పీకేయండి. పడమటి ఎండ తగలని గోడకి, మనిషి చేతికి అందనంత ఎత్తున కొట్టండి. పక్కన వరికంకుల కుచ్చు ఒకటి కట్టండి. మన పెద్దవాళ్ళు కోతల తర్వాత చూరుకి కట్టేవాళ్ళే, ఇప్పుడు అదే కుచ్చు పట్నంలో డబ్బులిచ్చి కొంటున్నారు. మార్చి 20 పిచ్చుకల దినమని ఆ రోజు పెట్టెలు పంచుతారు గానీ, మాఘంలోనే కొట్టి ఉంచితే అవి చూసుకుని అలవాటు పడతాయి.

కాకి తలమీద తన్నింది. శనా?

శని కాదు, మీ తలపైన చెట్టులో పిల్లలున్నాయి. ఇంకో రెండు వారాలు గొడుగు వేసుకుని నడవండి. కాకి మనుషుల మొహాలు గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి రాయి విసిరారో, మిమ్మల్ని వెతికి మరీ తంతుంది.

అయితే ఆ గూట్లో ఉన్నది దాని పిల్లేనా అన్నది వేరే ప్రశ్న. కుహూ అని పాడే నల్లటి మగకోకిల కాకిని రెచ్చగొట్టి తన వెంట పరిగెత్తిస్తుంది, ఈలోగా ఒంటినిండా చుక్కలున్న గోధుమరంగు ఆడకోకిల గూట్లో గుడ్డు పెట్టి జారుకుంటుంది. కోకిల పిల్ల కాకి పిల్లలకన్నా ముందే గుడ్డు పగలగొట్టుకుని బయటికొస్తుంది, ముందు పుట్టింది కాబట్టి ముందు తింటుంది. ఆషాఢంలో మా వేపచెట్టు మీద చూశాను, తనంత ఉన్న పిల్ల రెక్కలు అల్లల్లాడిస్తూ నోరు తెరుస్తుంటే కాకి దాని గొంతులో అన్నం మెతుకులు కుక్కుతోంది. మనం ఉగాదికి కోకిలని పొగుడుతాం, కాకిని తరుముతాం. నా ఓటు కాకికి.

మా చేలో తీతువు అరుస్తోంది. ఇంటికి మంచిది కాదంటున్నారు?

తీతువు అరిస్తే అశుభమే, గుడ్లు తొక్కేస్తే దానికి అశుభం. గూడంటూ ఏమీ ఉండదు. నేలమీద చిన్న గుంట, చుట్టూ నాలుగు మట్టిబెడ్డలు, మధ్యలో నాలుగు గుడ్లు, వాటి రంగు కూడా మట్టిబెడ్డ రంగే. మీటరు దూరంలో నిలబడి చూపించినా మా మేనల్లుడికి కనపడలేదు. కోసిన దాళ్వా చేలూ, ఆక్వా చెరువు గట్లూ దానికి ఇష్టం. పొదుగుడు దాదాపు నెల. ఆ ఎండలో గుడ్లు ఉడికిపోకుండా ఏం చేస్తుందంటే, దగ్గర్లో నీటిలో దిగి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. తల్లీ తండ్రీ వంతులవారీగా. పుట్టిన పిల్లలు మాత్రం ఒక్కరోజు కూడా గూట్లో ఉండవు, పుల్లల్లాంటి కాళ్ళతో తల్లి వెనకే పరుగు.

ట్రాక్టర్ దించేముందు నాలుగు పక్కలా నాలుగు కర్రలు పాతి ఆ కాస్త మేర వదిలి దున్నమనండి. ట్రాక్టర్ అబ్బాయిలు నవ్వుతారు, కానీ వదులుతారు. నేను అడిగిన ప్రతిసారీ వదిలారు.

కాలవగట్టులో బొరియలున్నాయి. పాములవా?

కొన్ని పాములవి, కొన్ని ఎలకలవి. గట్టు నిటారుగా ఉన్నచోట, అంచు కింద తెల్లటి రెట్టలు కారి, లోపల్నుంచి చేపల కంపు వస్తోందంటే లకుముకిపిట్టది. ముక్కుతో తవ్వి, సొరంగం చివర గది చేసి, గుండ్రటి తెల్లటి గుడ్లు పెడుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. దాళ్వా అయ్యాక కాలవలు కట్టేస్తారు కదా, గట్లు ఎండుతాయి, పిట్టలకి అది తవ్వుకునే కాలం. సరిగ్గా అప్పుడే జేసీబీలు దిగి పూడిక తీస్తాయి. పూడిక తీయొద్దని ఎవరంటారు, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలితే చివరి పొలానికి చేరాలి. కానీ బొరియలున్న పది గజాలు ఆఖర్న చేయమని డ్రైవర్‌ని అడగొచ్చు. ఒక ఏడు విన్నాడు, ఒక ఏడు వినలేదు.

ఉడుత గుడ్లు తినేస్తోంది. తరమాలా?

మీ ఎదురుగా అయితే ఒకసారి చప్పట్లు కొట్టండి, ఎవరైనా కొడతారు. కానీ కాపలా కాయకండి. ఉడుతకీ, జెర్రిపోతుకీ, కాకికీ పిల్లలుంటాయి. పసులపోలిగాడు (తోక చీలిన నల్లపిట్ట) గూడు పెట్టిన చెట్టు మీదే చిన్నపిట్టలు కూడా పెట్టడం గమనించండి, అతను కాకిని గద్దని కూడా తరిమి తరిమి కొడతాడు, కాపలా వాళ్ళే పెట్టుకున్నారన్నమాట. పెంపుడు పిల్లి సంగతి వేరు, అది మన పిల్లి, మన పూచీ.

తోటలో తల పోయిన కొబ్బరి మోడు ఉంది. కొట్టించేయమంటారా?

ఇంటిమీదో దారిమీదో పడేలా ఉంటే కొట్టించండి. లేకపోతే ఉంచండి, అది పెద్ద అపార్ట్‌మెంటు. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలో తర్వాతి ఏడు గోరింక చేరుతుంది, పైన చిలకలు, ఇంకో తొర్రలో చిన్న గుడ్లగూబలు. దింపు తీసేవాళ్ళకి ఎక్కేముందు ఒకమాట చెప్పండి, ఏ చెట్టు మట్టల్లో గూడుందో వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు.

చిలక పిల్లని తెచ్చి పంజరంలో పెడదామని మాత్రం అడక్కండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. గూళ్ళని, గుడ్లని చెదరగొట్టడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. పైగా 2018 నుంచి మన రాష్ట్రపక్షి రామచిలుకే, అంతకుముందు పాలపిట్ట ఉండేది.

తాటిచెట్టుకి గిజిగాడి గూళ్ళు బోలెడు. అన్నీ ఖాళీ. ఎందుకు?

ఉగాదికి మీరు చూస్తున్నవి పోయినేటివి. మగ గిజిగాడు ఇప్పుడు పిచ్చుకలా మామూలుగా ఉంటాడు, వానలకి తలమీద పసుపు పూసుకుంటాడు. వరి ఆకు అంచున కొరికి, సన్నటి పీలిక చీల్చుకుని ఎగురుతాడు, గూడొకటి పూర్తి కావడానికి అయిదొందల ట్రిప్పుల దాకా వేస్తాడు. సగం అల్లి, టోపీ ఆకారం వచ్చాక ఆగిపోయి ఆడవాళ్ళని పిలుస్తాడు. ఆవిడ వచ్చి, కూర్చుని, లాగి చూసి, నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే ఆ గూడు అలా సగంలోనే మిగిలిపోతుంది. మీరు చూసిన ఖాళీల్లో కొన్ని అవే. నచ్చి ఉంటే పూర్తి చేసి, ఆవిడ గుడ్లు పెట్టగానే ఇంకో గూడు మొదలెట్టి ఇంకో ఆవిణ్ణి పిలుస్తాడు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ బొంబాయి దగ్గర కిహిం అనే ఊళ్ళో కూర్చుని చూసి ఈ గుట్టు బయటపెట్టారు.

గూటి లోపలి గోడకి తడిమట్టి ముద్దలు కూడా అంటిస్తాడు. మిణుగురుల్ని దీపాలుగా అంటించుకుంటాడని చిన్నప్పుడు చెప్పేవారు, అది మాత్రం కథ.

బర్డ్ ఫ్లూ భయం లేదా?

2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో వచ్చినప్పట్నుంచి ఇది అందరూ అడుగుతున్నారు. కుర్చీలో కూర్చుని చూస్తే ఏమీ కాదు. చచ్చిన పిట్టని ఒట్టి చేత్తో తాకకండి, నీళ్ళగిన్నె కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఒకేచోట కాకులో కొంగలో నాలుగైదు చచ్చి పడుంటే పశుసంవర్ధక శాఖ వాళ్ళకి చెప్పండి.

పిల్లలు ఎగిరిపోయాక గూడు తీసేయొచ్చా?

వారం ఆగి తీసేయొచ్చు. పికిలిపిట్ట, తేనెపిట్ట మళ్ళీ పెట్టినా మామూలుగా కొత్తది కట్టుకుంటాయి. పిచ్చుక, గోరింక అదే తొర్రకి మళ్ళీ వస్తాయి, వాటిని కదపకండి. తీసేటప్పుడు గూట్లో గాలిపటం దారం ఉందేమో చూడండి, సంక్రాంతి దారాలు చెట్లకి చిక్కుకుని ఉంటాయి, అవి తెచ్చి అల్లుకుంటే పిల్లల కాళ్ళకి చుట్టుకుపోతుంది. మా కాకి గూట్లో మూరెడు దారం, రెండు బైండింగ్ వైరు ముక్కలు, మా పాత దువ్వెన సగం దొరికాయి.

మందార మీది తేనెపిట్ట గూడు మాత్రం నేను తీయలేదు. వానలకి సగం కారిపోయి ఉంది. మొన్న ఒక ఆడపిట్ట వచ్చి దానిలోంచి పీచు లాక్కుని నిమ్మచెట్టు వైపు వెళ్ళింది. కుర్చీ అటు తిప్పాను.